ఎడమ చేతికి మారిన మౌస్

విజయవాడ వన్‌టౌన్‌లో ఖాదర్ గారి ప్రింటింగ్ షాపులో నేను డీటీపీ ఆపరేటర్‌ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక మాఘమాసం ఉదయం, కాఫీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియలేదు. కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. అవి ముహూర్తాల రోజులు. పొద్దస్తమానం మౌస్ పట్టుకుని శుభలేఖలు చేయడమే పని. అదే సర్దుకుంటుందనుకున్నాను.

తరవాత నిద్రలో తిమ్మిరికి మెలకువ రావడం మొదలైంది. నా భార్య సరోజ పోరగా పోరగా ఆస్పత్రికి వెళ్ళాను. షుగర్, థైరాయిడ్ నార్మల్. నెర్వ్ కండక్షన్ టెస్ట్ చూసి డాక్టరు గారు, "కార్పల్ టనెల్ సిండ్రోమ్. మణికట్టు దగ్గర నెర్వ్ నలుగుతోంది. మౌస్ ఒక్కటే కారణమని చెప్పలేను గాని, మీ పని దాన్ని పెంచుతోంది. రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ పట్టీ వేసుకోండి. మౌస్ ఎడమ చేతికి మార్చండి" అన్నారు.

మర్నాడే మార్చాను. వినాయకుడి బొమ్మ కార్డు పైన కూర్చోబెట్టడానికి అవస్థ పడుతుంటే, పామర్రు నుంచి కార్డు చేయించుకోవడానికి వచ్చిన పెళ్ళికూతురి తండ్రి వెనక నిలబడి చూస్తున్నాడు.

"ఏవయ్యా, శుభమా అని కార్డు వేయించుకుంటుంటే ఎడంచేత్తో పెడుతున్నావేంటి?"

"మౌస్‌కి కుడీ ఎడమా ఏంటండీ" అన్నారు ఖాదర్ గారు నవ్వుతూ.

"మీరు అలాగే అంటారు. పెళ్ళి మాది కదండీ."

ఆయన సగం సరదాకే అన్నాడు. నాకు సాకు దొరికింది. కొట్టుకి వచ్చేపోయేవాళ్ళ ముందు కొత్తవాడిలా తడబడటం నాకు నామోషీ. మౌస్ మళ్ళీ కుడివైపుకు తెచ్చుకున్నాను. స్ప్లింట్ బీరువా మీద పడేశాను. సరోజ అడిగితే, "కంప్యూటర్ సంగతి నీకేం తెలుసు" అని కసిరాను.

వేసవిలో ఆమెకు జ్వరం వస్తే అన్నం నేనే వార్చబోయాను. "మీ చేత్తో వద్దండీ" అంటూ లేచి వచ్చింది. నేను వినలేదు. స్పర్శ లేని వేళ్ళలోంచి గిన్నె జారి, మరిగే గంజి ఆమె పాదం మీద పడింది. ఆస్పత్రిలో నర్సు అడిగితే, "నేనే చూసుకోలేదండీ" అంది సరోజ. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను.

ఆ వారంలోనే డాక్టరు గారికి మళ్ళీ చెయ్యి చూపించాను. "బొటనవేలి కింద కండ తగ్గిపోయింది. సర్జరీతో తిమ్మిరి తగ్గవచ్చు. బలం మొత్తం తిరిగొస్తుందని మాటివ్వలేను" అన్నారు.

సర్జరీ అయింది. కుట్లు విప్పగానే తొందరపడి పనికి పోతే చెయ్యి వాచి, మళ్ళీ ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఖాదర్ గారు చూడవచ్చారు.

"నీ బల్లకి కర్టెన్ కట్టిస్తాను. ఏ చేత్తో చేస్తున్నావో ఎవడూ చూడడు. కుడిచెయ్యి మౌస్ మీద పడిందా, కొట్లోంచి గెంటేస్తాను."

"కర్టెన్ వద్దండీ. అడిగితే నేనే చెప్పుకుంటాను" అన్నాను.

ఇప్పుడు ఎడమచేత్తోనే కార్డులు చేస్తున్నాను. తిమ్మిరి పోయింది. అన్నం కలుపుకోగలను. చొక్కా గుండీలు మాత్రం సరోజే పెడుతుంది. ఆమె పాదం మీద మచ్చ అలాగే ఉంది.

మౌస్‌ని కీబోర్డు పక్కనే, మోచేతి ఎత్తులో పెట్టుకోండి. మణికట్టు వంచకుండా మోచేతి నుంచి కదపండి. వేళ్ళు మొద్దుబారితే డాక్టరుకు చూపించండి. చెయ్యి మార్చమంటే ఆ రోజే మార్చండి. మొదట్లో పని సాగదు, చూసేవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.