వాసన చూసే వదిన

నాకు చిన్నప్పటినుంచీ రోత ఎక్కువ. బస్సులో కడ్డీ పట్టుకోను. హోటల్లో గ్లాసు నా కళ్ళ ముందు కడిగితే తప్ప నీళ్ళు తాగను. అలాంటివాణ్ణి తీసుకొచ్చి, ఊళ్ళోని పాత ఫోన్లన్నీ వచ్చి పడే ఇంట్లో పెట్టాడు దేవుడు.

ఆ ఫోన్లు బాగుచేసేది మా వదిన. ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన బల్ల, దాని మీద లైటున్న భూతద్దం, వేడిగాలి ఊదే మిషన్, పళ్ళు తోముకుని పారేసిన బ్రష్షులు నాలుగు. కొత్త ఫోన్లు తీసుకోదు. "వాటికి షోరూములున్నాయి, వీటికి నేను తప్ప ఎవరున్నారు?" అంటుంది. అన్నయ్య పొద్దున్నే మిల్లుకు పోయి చీకటి పడ్డాక వస్తాడు. నేను వెనకగదిలో కూర్చుని ఒక ప్రెస్సుకు ప్రూఫులు దిద్దుతాను. కాబట్టి ఈ వైభవమంతా చూసే భాగ్యం నాకే దక్కింది.

ఆమె పని మొదలుపెట్టే తీరే వేరు. ఫోన్ చేతిలో పడగానే ఆన్ చేయదు, ఏమైందని అడగదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. చార్జింగ్ పెట్టేచోట ఒకసారి, చెవికి ఆనించే జాలీ దగ్గర ఒకసారి, వెనక మూత ఊడదీసి ఇంకోసారి. మాడు వాసన వస్తే లోపల ఏదో కాలింది. ముక్కిన గుడ్డ వాసన వస్తే నీళ్ళలో పడింది. గోళ్ళరంగులా తియ్యటి వాసన వస్తే బ్యాటరీకి చావు దగ్గరపడింది. ఏ వాసనా రాకపోతే అప్పుడు మీటర్లు బయటికి తీస్తుంది.

ఆ ఫోన్లలో ఉండే దరిద్రం అంతా ఇంతా కాదు. జాలీల నిండా చెవుల గుబిలి. చార్జింగ్ రంధ్రాల్లో జేబుల నూగు, పిండి, తలనూనె మడ్డి. ఒకాయన కవరు ఊడదీస్తే లోపల చచ్చిన చీమలు వరసగా అతుక్కుని ఉన్నాయి. ఇంకో పెద్దమనిషి, మరుగుదొడ్డిలో పడేసుకున్న సంగతి దాచిపెట్టి, "మంచినీళ్ళలో పడిందమ్మా" అన్నాడు. వదిన వాసన చూసి, "ఆ మంచినీళ్ళు ముందే ఎవరో తాగేసినట్టున్నారండీ" అంది. నేను ఆ పూట అన్నం మానేశాను.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా వదినా? మానేయరాదూ ఈ పని" అన్నాను ఒకసారి.

"తొక్కేవాళ్ళు తొక్కుతూనే ఉంటారు. కడిగేవాళ్ళు ఒకరుండాలిగా" అంది, బ్రష్షు ఆపకుండానే.

శుభ్రం చేశాక అక్కర్లేని యాప్‌లు తీసేస్తుంది, తెర మీద కదిలే హంగులన్నీ ఆపేస్తుంది. పోతుందనుకున్న ఫోన్ ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు అందరికీ ఒకటే మాట చెబుతుంది. "అప్‌డేట్ చేయమని ఇది రోజూ అడుగుతుంది. చేయొద్దు. ముసలి ఎద్దు మీద కొత్త బరువు వేయకూడదు."

ఆ మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. అయినా నా చెవికెక్కలేదు.

చెవుల సంగతి వచ్చింది కాబట్టి మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మకు రెండు చెవులూ వినపడవు. చెవుల్లో పెట్టుకునే మిషన్లున్నాయి. వాటికి బటన్లు లేవు. శబ్దం పెంచాలన్నా తగ్గించాలన్నా అమ్మ ఫోన్‌లో ఉన్న ఒక యాప్‌లోంచే. మిషన్‌లో బ్యాటరీ మార్చిన ప్రతిసారీ శబ్దం అడుగుకు పడిపోతుంది, మళ్ళీ యాప్‌లో పైకి జరపాలి. ఆ మిషన్లు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్తవి కొనే స్తోమత మాకు లేదు. అందుకే అమ్మ పాత ఫోన్‌ను వదిన కంటికి రెప్పలా కాపాడుతూ వచ్చింది.

వదిన మూడు రోజులు పుట్టింటికి వెళ్ళింది. ఆ మూడు రోజుల్లో నేను రెండు ఘనకార్యాలు చేశాను.

మొదటిది, బల్ల కింద ఉన్న రేకుడబ్బా వదిలించుకోవడం. దాన్నిండా చచ్చిన ఫోన్లు. విడిభాగాలకు పనికొస్తాయని దాచుకుంది. అందులో చేపలమ్మే ఆమె వదిలేసిపోయిన ఫోన్ ఒకటుంది. ముసురు పట్టినప్పుడల్లా దాని కంపు నా గదిదాకా వచ్చేది. పాత సామాన్లవాణ్ణి పిలిచి డబ్బాతో సహా ఇచ్చేశాను. ఆ రోజు ఇల్లంతా కడిగి ఎంత హాయిగా పడుకున్నానో.

రెండోది, మర్నాడు అమ్మ ఫోన్ పట్టుకుంటే జిడ్డుగా తగిలింది. తుడిచి చూస్తే నత్తలా నడుస్తోంది. అప్‌డేట్ చేయమని తెర మీద అడుగుతోంది. ప్రపంచంలో అందరూ చేసుకుంటున్నారు, వదినది చాదస్తం అనుకుని నొక్కాను. రెండు గంటలు పట్టింది. పూర్తయ్యాక ఆ యాప్ ఇక తెరుచుకోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

సాయంత్రానికి అమ్మ చెవిమిషన్లలో ఒకదాని బ్యాటరీ అయిపోయింది. తీసి నాకిచ్చింది. దానికి గుబిలి అంటుకుని ఉంది. కాగితం చుట్టి, రెండు వేళ్ళతో పట్టుకుని బ్యాటరీ మార్చాను. అమ్మ చూస్తూ నిలబడింది. మర్నాటికి రెండోదీ అంతే. ఇక అమ్మకు ఏమీ వినపడలేదు.

నేను అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచేంతగా అరిచాను. "ఏంటి నాన్నా?" అని అమ్మ అడిగినకొద్దీ చిరాకెక్కింది. కాసేపటికి అమ్మ అడగడం మానేసింది. కంచం వంటగదిలోకి తీసుకెళ్ళి, గోడవైపు తిరిగి తినేసింది.

మూడో రోజు మధ్యాహ్నం వదిన వచ్చింది. అమ్మ వాలకం చూసి నేరుగా ఫోన్ అందుకుంది. వాసన చూసింది. ఏమీ రాలేదు. ఆన్ చేసి చూసింది.

"ఏం చేశారు మరిదిగారూ?" అంది.

వదిన నన్ను నువ్వు అనే పిలుస్తుంది. మీరు అందంటే కోపం నెత్తికెక్కినట్టు. అప్‌డేట్ సంగతీ, బ్యాటరీలు మార్చిన సంగతీ చెప్పాను.

"దీనికి ఒకసారి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిందంటే మళ్ళీ పాతది ఎక్కదు. యాప్ లోపలే ఉంది, దాన్ని బయటికి లాగగలను. కానీ నడపడానికి పాతదే ఉన్న ఫోన్ కావాలి. సరిగ్గా ఇలాంటిదే ఒకటి దాచి ఉంచాను. చేపలామెది. ఫోన్ నిండా చేపల ఫొటోలే, అప్‌డేట్‌కు చోటే లేక అలాగే ఉండిపోయింది." ఇలా చెబుతూనే బల్ల కిందికి చేయి పెట్టింది. చేతికి గచ్చు తగిలింది.

నేను చెప్పులేసుకుని పరుగెత్తాను.

పాత సామాన్లవాడి కొట్టు వెనక ఫోన్లన్నీ ఒక గోనెసంచిలో పడి ఉన్నాయి. మా ఇంటివీ, ఊరందరివీ కలిపి. "సంచి తూకం వేసి అమ్మేశాను, ఇంకాసేపట్లో బండి వస్తుంది. నీదొకటి ఏరుకుని పో" అన్నాడు. సంచి గుమ్మరించాను. అన్నీ నల్లవే. అన్నిటికీ అద్దాలు పగిలే ఉన్నాయి. వదినకు ఫోన్ చేశాను.

"ఎలా గుర్తుపట్టాలి వదినా?"

"వాసన చూడండి" అని పెట్టేసింది.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడం దేనికి? నేలమీద కూలబడి ఒక్కొక్కటే ముక్కుకు ఆనించాను. చెమట. పుల్లటి పాలు. చుట్ట కంపు. పిల్లి ఉచ్చ. ఎవరెవరి బుగ్గలకో అంటుకున్న మడ్డి నా ముక్కుకు అంటుకుంది. నాలుగైదు చూసేసరికి డోకొచ్చింది, పక్కకు తిరిగి కక్కుకున్నాను. కొట్టువాడు నవ్వాడు. నా మీద నాకే అసహ్యమేసింది. మూతి తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. సంచి అడుగుకు వచ్చేసరికి ఆ కంపు తగిలింది. జన్మలో ఎప్పుడూ కంపు చూసి అంత సంతోషించలేదు.

అమ్మ ఫోన్‌లోంచి తెరా బ్యాటరీ తీసి, నేను ఇంటికి తెచ్చినదానికి బిగించింది వదిన. కొన్ని చేపల్ని తుడిచేసి, యాప్‌కు చోటు చేసింది. యాప్ తెరుచుకుంది. శబ్దం గీతను మెల్లగా పైకి జరిపింది.

అమ్మ తల పక్కకు వంచింది. "కుళాయి కారుతోంది అమ్మాయీ" అంది.

కొట్టు నుంచి రాగానే మొహం కడుక్కుని, నేనే సరిగ్గా కట్టకుండా వచ్చాను. వెళ్ళి కట్టేసి వచ్చేసరికి అమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"నిన్నటినుంచీ నువ్వేమన్నావో నాకు సరిగ్గా వినపడలేదు నాన్నా. మొహం మాత్రం కనిపించింది. నేనంటే అంత రోత పుట్టిందా?"

"నీ మీద కాదమ్మా, ఫోన్ మీద" అన్నాను. కాగితం చుట్టి పట్టుకున్న నా రెండు వేళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి.

వదిన ఇద్దరినీ చూసి, భూతద్దం లైటు ఆర్పింది. "అత్తయ్యా, ఎడమవైపుది మళ్ళీ సన్నగిల్లింది. దాంట్లో బ్యాటరీ మార్చాలి. మరిదిగారికివ్వండి" అంది. ఆ బ్యాటరీ నిన్నో ఇవాళో మార్చిందేనని ఆమెకూ తెలుసు.

అమ్మ ఎడమచెవి మిషన్ తీసింది. నాకివ్వబోయి ఆగి, పక్కనున్న గుడ్డ తీసుకుని తుడవసాగింది.

"తుడవక్కర్లేదమ్మా, ఇలా ఇవ్వు" అంటూ చేయి చాపాను.

కుడిచెవి మిషన్ పనిచేస్తూనే ఉంది. నా మాట అమ్మకు వినపడింది. అయినా తుడుస్తూనే ఉంది.