ఎర్రకుర్చీకి సంజాయిషీ

మా అత్తగారికి కోడలిని కాకముందే నేను ఆవిడ చేత నానా చీవాట్లూ తిన్నాను. అందుకని పెళ్ళయ్యాక కొత్తగా బాధపడాల్సిన పని లేకపోయింది.

చెప్పుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే పొడుగాటి గదిలో ఆవిడ పని. ఒకప్పుడు అది టైపు నేర్పే చోటు, ఆవిడ టైపు టీచరు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, బయట బోర్డు మారింది, యజమాని మారాడు. బల్లలూ ఆవిడా మాత్రం మారలేదు. ఆ బల్లలు టైపు మిషన్ల కొలతకి చేయించినవి కాబట్టి కింద కంప్యూటరు డబ్బా పెడితే మోకాళ్ళకి చోటుండదు. కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు ఏం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా మోకాలు మాత్రం కొట్టుకుని ఇంటికి వెళ్ళేవారు. పాఠాలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. పాఠం విన్నాక మిషన్ మొరాయించినా, రాసిన ప్రోగ్రాం పిచ్చి జవాబులిచ్చినా ఈవిడ దగ్గరికి రావాలి. ముందర అందరూ ల్యాబ్ మేడమ్ అనేవారు. వెనకాల ఏమనేవారో ఇక్కడ రాశానంటే రేపు నాకు ఇంట్లో కాఫీ పుట్టదు.

ఆ గదిలో ఒక్క మాట మీద నిషేధం ఉండేది. "నేనేం చెయ్యలేదు, దానంతట అదే పోయింది" అనకూడదు. అంటే ఆవిడ ఒంటికాలి మీద లేచేవారు.

"దానంతట అది పోవడానికి దానికేమన్నా కాళ్ళున్నాయా? చివరగా నువ్వేం చేశావో అది చెప్పు."

నేను చేరిన మధ్యాహ్నం బ్యాచికి ఒక టైలరుగారు వచ్చేవారు. పెద్దమనిషి, నెమ్మది. ఒకరోజు ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన కంప్యూటరు ఆపకుండా కీచుకీచుమని కూయడం మొదలెట్టింది. అందరం చుట్టూ మూగాం. ర్యామ్ పోయిందని ఒకరు, కాదు మదర్‌బోర్డే పోయిందని ఇంకొకరు, చావుకబురు మోసుకొచ్చినట్టు ముఖాలు పెట్టారు. ఆవిడ జనాన్ని తోసుకుని వచ్చి, కీబోర్డు అంచు మీద ఆనించి ఉన్న స్టీలు క్యారేజీని ఎత్తి పక్కన పెట్టారు. కూత ఆగిపోయింది.

"నేనేం చెయ్యలేదు మేడమ్" అన్నారు టైలరుగారు, అలవాటు కొద్దీ.

"మీరేం చేశారండీ పాపం. దానికి భోజనం వడ్డించారు, అంతేగా."

ఆయన కూడా నవ్వారు. మర్నాటి నుంచి క్యారేజీ మెట్ల దగ్గర పెట్టుకునేవారు. నిజంగా మిషన్‌కి జబ్బు చేస్తే మాత్రం ఆవిడ ఎవర్నీ ఏమీ అనేవారు కాదు. తెర మీద ఏమీ రావట్లేదంటే కరెంటు తీసేసి, డబ్బా మూత విప్పి, ర్యామ్ ముక్కని బయటికి లాగి, దాని ఇత్తడిరంగు పళ్ళని పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్దేవారు. దుమ్ము ఊదేసి, రెండు బొటనవేళ్ళతో టక్కుమని చప్పుడయ్యేదాకా మళ్ళీ నొక్కేవారు. సగం మిషన్లు దానికే లేచి కూర్చునేవి. "మన మాట వినాలంటే ముందు చెవులు శుభ్రం చెయ్యాలి" అనేవారు. ఆ చూపు మిషన్ మీద కాకుండా మా మీద ఉండేది.

ఇక ప్రోగ్రాంల సంగతికి వస్తే, అక్కడే ఉంది అసలు తమాషా. కిటికీ పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. దానికి ఒక చెయ్యి విరిగిపోయింది. దాంట్లో ఎవరూ కూర్చోకూడదు. అది అత్తగారి కుర్చీ. ప్రోగ్రాం పనిచెయ్యట్లేదని ఎవరు వచ్చినా ఆవిడ తెర వైపు కన్నెత్తి చూసేవారు కాదు. చెయ్యి చాపి కుర్చీని చూపించేవారు.

"అక్కడ మీ అత్తగారు కూర్చున్నారు. ఆవిడకి కంప్యూటర్ రాదు, నీ మీద నమ్మకం అసలే లేదు. ప్రతి మాటకీ ఎందుకూ అంటుంది. ఒక్కో వరసా చదివి, అది ఎందుకు రాశావో ఆవిడకి సంజాయిషీ చెప్పుకో."

"మాకు మామగారు మేడమ్?" అని మగపిల్లలు అడిగితే, "కుదరదు. మామగారు తల ఊపేసి పేపరు చదువుకుంటారు. వాళ్ళకి చెప్తే తప్పులు బయటపడవు" అనేవారు.

నా మొదటి ప్రోగ్రాం పరీక్షలో ఎవరు పాసో ఎవరు ఫెయిలో చెప్పేది. అది తొంభై వచ్చినవాళ్ళని ఫెయిల్ చేసి, పది వచ్చినవాళ్ళకి పాస్ ఇచ్చింది. మా క్లాసులో సగంమంది ఈ ప్రోగ్రామే బాగుంది, ఇలాగే ఉంచమన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ కుర్చీ చూపించారు. సిగ్గుతో చచ్చిపోతూ, ఖాళీ కుర్చీతో మొదలెట్టాను. "ఇక్కడ మార్కులు తీసుకుంటానండీ. ఎందుకంటే పాసో ఫెయిలో చూడాలి కదండీ. ఇక్కడేమో మార్కులు ముప్పై అయిదు కంటే తక్కువైతే పాస్..." అని నోరు మూసుకున్నాను. తలతిప్పి చూస్తే ఆవిడ అప్పటికే ఇంకో బల్ల దగ్గర ఎవరినో దులిపేస్తున్నారు. జవాబు ఎప్పుడూ ఆవిడ చెప్పేవారు కాదు. మన నోటి నుంచి రాబట్టేవారు.

ఆ తర్వాత కుర్చీకీ నాకూ బాగా కుదిరింది. కొన్నిసార్లు దాంతో దెబ్బలాడేదాన్ని కూడా. "ఎందుకూ ఎందుకూ అంటే ఏం చెప్పను, ఇలా రాస్తేనే వస్తుంది, నోర్మూసుకోండి" అని ఒకరోజు గట్టిగా అరిచాను. వాళ్ళమ్మని స్కూటర్ మీద ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిన అబ్బాయి పగలబడి నవ్వాడు. అతనే మా ఆయన. ఇంత ధైర్యంగా అత్తగారి మీద కేకలేసే పిల్ల మళ్ళీ దొరకదని ఇంట్లో పట్టుబట్టాడట. ఆవిడ కూడా పెద్దగా అడ్డు చెప్పలేదు. కుర్చీకే ఇంత సంజాయిషీ చెప్పుకున్న పిల్ల నాకు చెప్పదా అనుకుని ఉంటారు.

చెప్పాను మరి. ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నాను. గిన్నె ఇక్కడెందుకు పెట్టావు, ఫ్యాను అప్పుడే ఎందుకు వేశావు. దానికి నేను ఎప్పుడో అలవాటు పడిపోయాను. నాకు ఒళ్ళు మండేది ఇంకొకందుకు. ఆవిడకి జ్వరం వచ్చిన వారమంతా ఆఫీసుకి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాను. జ్వరం తగ్గిన మర్నాడు వీధి గేటు వెయ్యడం మర్చిపోయాను. ఇక అప్పటినుంచి పక్కింటావిడ ముందు నేను గేటు వెయ్యని కోడల్ని. గేటు సంగతి సర్దుకునేసరికి ఒకరోజు పాలు పొంగిపోయాయి. గేటు పోయి, పాలు పొంగబెట్టే కోడల్నయ్యాను. ముందు చేసినదంతా ఏ గంగలో కలిసిందో తెలియదు. ఎప్పుడూ చివరిదే లెక్క. అత్తగారిని పైకి ఏమనగలను?

ఇలా ఉండగా ఆ సెంటరుకి కొత్త మేనేజరు వచ్చాడు. ప్రోగ్రాం రాయడం రానివాళ్ళు ల్యాబ్‌లో ఉద్యోగం చెయ్యకూడదని, అందరికీ వచ్చేవారం పరీక్ష అని అన్నాడు. పాసవ్వకపోతే కింద వీధి గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చుని కొత్తగా చేరేవాళ్ళ పేర్లు రాసుకోవాలి. అతన్ని తప్పుపట్టడానికి లేదు. మా అత్తగారు జన్మలో ఒక్క ప్రోగ్రాం రాయలేదు. ఊళ్ళోవాళ్ళందరి తప్పులూ బయటపెట్టించారు గానీ, ఆవిడ ఎప్పుడూ ఒడ్డు మీదే నిలబడ్డారు, నీళ్ళలోకి దిగలేదు.

ఆ సంగతి ఆవిడ నాతో చెప్పలేదు. మా ఆయన చెప్పాడు. నేను ఆఫీసులో చేసేది అదే పని, పక్కగదిలోనే ఉంటాను. అయినా నన్ను అడగలేదు. పొద్దున్నే లేచి, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, పుస్తకం చూస్తూ తనలో తాను గొణుక్కునేవారు. అడిగితే ఏం పోయింది? కోడలి ముందు విద్యార్థిని కావాలా అని అభిమానం. నాకూ అభిమానమే. అడిగేదాకా చెప్పకూడదని బిగదీసుక్కూచున్నాను. కానీ ఒకరోజు భోజనాల దగ్గర, ఎవర్నీ చూడకుండా ఆవిడ అన్న మాట నన్ను పట్టుకుంది.

"ఆ గదిలో లేకపోతే నేనెవర్ని? కింద కూర్చుంటే పైన మిషన్ కూసినా వినబడదు."

అన్నం కలుపుతున్న ఆ చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే పెద్ద కేక. కంప్యూటర్ పోయిందట. పరుగెత్తాను. డబ్బా మీద దీపం వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది.

"ఏం చేశావు దీన్ని?" అన్నారు నన్ను చూసి.

"నేనిప్పుడే నిద్ర లేచాను అత్తయ్యా. చివరగా మీరేం చేశారు?"

"నేనేం చెయ్యలేదు. దానంతట అదే పోయింది."

అని నాలిక్కరుచుకున్నారు. నేను నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. బల్ల వెనక్కి వంగి చూస్తే తెర ప్లగ్గు కింద వేలాడుతోంది, దాని స్థానంలో ఆవిడ ఫోను చార్జర్ కులాసాగా కూర్చుని ఉంది. ప్లగ్గులు మార్చాను. తెర వెలిగింది. దాంతోపాటు ఆవిడ ప్రోగ్రామూ కనబడింది.

ఎన్ని మార్కులిచ్చినా అన్నీ కూడి మొత్తం చెప్పాల్సిన ప్రోగ్రాం అది. నలభై, అరవై, డెబ్భై ఇస్తే డెబ్భై అంటోంది. ఎప్పుడిచ్చినా చివరి మార్కే చూపిస్తోంది. "దీనికి కూడికలు రావు" అని తీర్పు చెప్పారు ఆవిడ. తప్పేమిటో నాకు ఒక్క చూపులో తెలిసిపోయింది. తెలిశాక పెదవుల మీదికి రాబోయిన నవ్వుని ఆవులింత కింద దాచుకుని బయటికి వచ్చాను. మా ఆయన్ని స్కూటర్ ఇచ్చి పంపించాను.

చెయ్యి విరిగిన ఎర్రకుర్చీని వెనక కట్టుకుని అతను వీధంతా చూస్తుండగా తిరిగొచ్చాడు. కుర్చీ తెచ్చి కంప్యూటరు పక్కన వేసి, అందులో నేను కూర్చున్నాను.

"అందులో మనుషులు కూర్చోకూడదు" అన్నారు అత్తగారు.

"మనిషి ఎక్కడ కూర్చుంది? అత్తగారు కూర్చుంది. కానివ్వండి, నాకు కంప్యూటర్ రాదు, మీ మీద నమ్మకం అసలే లేదు."

కొరకొరా చూశారు. తిడతారనుకున్నాను. కానీ ఆవిడకి ఆ గది కావాలి. గొంతు సవరించుకుని తెర వైపు తిరిగారు.

"ఒక మార్కు తీసుకుంటాను."

"ఎందుకూ?"

"మొత్తానికి కలపడానికి."

"మొత్తం ఎంతుందీ?"

"మొదట్లో సున్నా. ఇదిగో, సున్నా పెట్టాను."

"ఆ తర్వాత?"

"మార్కుని కలుపుతాను. ఇంకో మార్కు కోసం మళ్ళీ పైకి వెళ్తాను."

"పైకంటే ఎక్కడికి?"

"ఇదిగో, ఈ వరస దగ్గరికి. మొత్తం సున్నా..." ఆవిడ వేలు తెర మీద ఆగిపోయింది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఆవిడైతే ఈపాటికి ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయేవారు. నేను ఊరుకోలేదు.

"అంటే, వెనక ఎన్ని మంచి మార్కులొచ్చినా ప్రతిసారీ తుడిచేసి మళ్ళీ సున్నా నుంచి మొదలెడతారన్నమాట. చివరగా వచ్చిందొక్కటే పట్టుకుని ఇదే మొత్తం అంటారన్నమాట."

ఆవిడ మెల్లగా తల తిప్పారు. "నువ్వు ప్రోగ్రాం గురించే మాట్లాడుతున్నావా?"

"ప్రోగ్రాం గురించే అత్తయ్యా. మరి దేని గురించి?"

చాలాసేపు నా ముఖం చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ ఆ సున్నా వరసని అక్కడ చెరిపేసి, మార్కులు తీసుకోకముందే, అన్నిటికన్నా పైన ఒక్కసారి రాశారు. నలభై, అరవై, డెబ్భై ఇచ్చారు. నూటడెబ్భై అంది కంప్యూటరు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను.

పరీక్షరోజు పొద్దున కుర్చీ మళ్ళీ స్కూటరెక్కి వెళ్ళింది. అక్కడ జరిగింది, ఇన్నేళ్ళయినా ఆ సెంటరు వదలని టైలరుగారు చెప్పారు. వేరే ప్రోగ్రాం ఏదో ఇచ్చారట. సగంలో ఇరుక్కుపోయి, మేనేజరు చూస్తుండగానే ఆవిడ లేచి కిటికీ వైపు తిరిగి, ఖాళీ కుర్చీకి వరసలన్నీ అప్పజెప్పారట. మేనేజరు కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడట. ఆ నీళ్ళు వచ్చేలోపే ప్రోగ్రాం పనిచేసిందట. గది ఆవిడకే దక్కింది. ఆ మధ్య మేనేజరు కూడా ఎవరూ లేనప్పుడు ఆ కుర్చీతో ఏదో మాట్లాడుతుండగా చూశామని పిల్లలు చెప్పుకుంటున్నారు.

పరీక్ష అయిన మర్నాడు పాలు పొంగాయి. నేను ఫోనులో మాట్లాడుతూ వెనక్కి తిరిగేసరికి స్టవ్వంతా తెల్లగా ఉంది. సరిగ్గా అప్పుడే అత్తగారు వంటింట్లోకి వచ్చారు, వెనకాలే గిన్నె తిరిగివ్వడానికి పక్కింటావిడ. ఇంక చూసుకో అనుకుని నిలబడ్డాను.

"అయ్యో, పాలు పొంగిపోయాయే" అంది పక్కింటావిడ, కబురు దొరికిన సంతోషంతో.

"పొంగాయి" అన్నారు అత్తగారు. "నాకు జ్వరమొచ్చినప్పుడు వారంపాటు నా పక్కనుంచి లేవలేదు ఈ పిల్ల. గేటు వెయ్యడం ఒక్కసారి మర్చిపోయింది, ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు. నా ఉద్యోగం కూడా నిలబెట్టింది. ఇవాళ పాలు పొంగాయి."

పక్కింటావిడకి ఏమీ అర్థంకాక గిన్నె పెట్టేసి వెళ్ళిపోయింది. నాకు కళ్ళు చెమర్చాయి. అది కనిపించకుండా ఉండాలని, "ఎందుకు పొంగాయని అడగరా?" అన్నాను.

"అడగను. కుర్చీ తిరిగి పంపించేశాంగా" అని, గుడ్డ తీసుకుని స్టవ్ ఆవిడే తుడిచారు.