ఒక్క పోస్టు, ఇద్దరం రూమ్మేట్లం

నాకు ఉద్యోగం వచ్చింది. ఈ మాట ముందుగా చెప్పాలనిపించింది అమ్మకి కాదు, నాయినకి కాదు, నా రూమ్మేట్‌కి. సంతోషం పంచుకుందామని కాదు, ఆమె మొహంలో ఒక్కసారైనా కుళ్లు చూద్దామని. ఏడాదిగా మా గదిలో కుళ్లుకునే పని నేనొక్కదాన్నే చేస్తున్నాను మరి.

ఇద్దరం ఎమ్మే సోషియాలజీ. ఢిల్లీ మునిర్కాలో నాలుగో అంతస్తులో ఒకే గది. ఆమెది హైదరాబాద్, అమ్మానాన్నలిద్దరూ లెక్చరర్లు. మా నాయిన మార్కెట్ యార్డులో హమాలీ, అమ్మ బీడీలు చుడుతుంది. మా ఇంటి మొత్తంలో డిగ్రీ ముట్టుకున్న మొదటిదాన్ని నేనే. ఢిల్లీ పంపేటప్పుడు నాయిన ఒకే షరతు పెట్టాడు. చదువు అయిపోయేసరికి నౌకరీ దొరికితే సరే, లేకపోతే తిరిగొచ్చి బీఈడీలో చేరాలి. టీచరంటే ఏమిటో ఆయనకు తెలుసు. సోషియాలజీ అంటే ఏమిటో నేను ఎన్నిసార్లు చెప్పినా ‘అట్లనా’ అని వేరే మాటలోకి వెళ్లిపోయేవాడు.

యూనివర్సిటీలో ప్లేస్‌మెంట్ సెల్ ఉంది. వచ్చే కంపెనీలన్నీ ఎకనామిక్స్ వాళ్ల కోసమే వచ్చేవి. మాలాంటి వాళ్ల కోసం అక్కడ ఒక మేడమ్ ఉండేవారు. రెజ్యూమేలు దిద్దేవారు, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసేవారు, వేసవిలో ఎక్కడో ఒక చోట ఇంటర్న్‌షిప్‌కి పంపేవారు. నా రూమ్మేట్‌ని సెంట్రల్ ఢిల్లీలో ఒక రీసెర్చ్ ఆఫీసుకి పంపారు. నన్ను నోయిడాలో ఇంటింటికీ తిరిగే నీళ్ల సర్వేకి.

“ఆ ఏసీకి గడ్డకట్టుకుపోతున్నానే, రేపు శాలువా తీసుకెళ్లాలి” అనేది ఆమె సాయంత్రం వస్తూనే. నేనప్పుడు గొడుగు మూలన పడేసి, బకెట్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉండేదాన్ని. మే నెల ఢిల్లీలో చలేస్తోందని విసుక్కునే మనిషితో ఒకే గదిలో ఉండి చూడండి, తెలుస్తుంది. ఆమె మెడలో ఐడీ కార్డుని చూసి కుళ్లుకున్నాను. లంచ్‌లో ఎవరి పక్కన కూర్చుందో చెబితే కుళ్లుకున్నాను. ఆమెకి ఇంగ్లీషులో జోకు వెయ్యడం కూడా వచ్చు.

పరీక్షలయ్యాక ఒక సంస్థ మా డిపార్ట్‌మెంట్ వాళ్లని కూడా పిలిచింది. ఊళ్లలో, బస్తీల్లో సర్వేలు చేసే సంస్థ. ఒక్కటే పోస్టు. మా గదిలోంచి ఇద్దరం వెళ్లాం. దారిలో మెట్రోలో ఆమె నా దుపట్టాకి పిన్ను సర్దింది. దానికీ ఒళ్లు మండింది, ఎందుకంటే ఆమె చేతులు వణకడం లేదు.

ముందు గ్రూప్ డిస్కషన్. అంశం నగరంలో నీళ్లు. మా డిపార్ట్‌మెంట్ సెమినార్లలో ఒక పద్ధతి ఉంది. చెయ్యెత్తాలి, ముందు కూర్చున్న సార్ పేరు రాసుకుంటారు, వంతు వచ్చాకే మాట్లాడాలి. రెండేళ్లు అలవాటైపోయింది. ఇక్కడా చెయ్యెత్తాను. ఇక్కడ పేరు రాసుకునే సార్ లేడు. మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలు ఒకరి మాట మీద ఇంకొకరు ఎక్కి తొక్కేస్తున్నారు. దించితే ఓడిపోయినట్టు ఉంటుందని చెయ్యి అలాగే ఉంచాను. భుజం లాగుతోంది. బీఈడీ కాలేజీ గేటు కళ్లముందు కనిపిస్తోంది.

అప్పుడు నా రూమ్మేట్ ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా అంది, “ఈమె ఎప్పటినుంచో చెయ్యెత్తి ఉంది, ముందు ఈమెని మాట్లాడనివ్వండి” అని.

అందరూ ఆగిపోయారు. నాకు ముందుగా తట్టింది ఏమిటంటే, ఈ మంచితనానికి మార్కులు కూడా ఆమెకే పడతాయి కదా అని. ఆ కోపంలోనే మాట్లాడాను. నోయిడాలో మా ఫారంలో మొదటి ప్రశ్న ‘ఇంటి పెద్ద ఎవరు’ అని. పగటిపూట ఇళ్లలో ఆడవాళ్లే ఉండేవారు. “ఆయన సాయంత్రం వస్తాడు, అప్పుడు రా” అని తలుపు వేసేసేవారు. అందుకని నేను ముందు ‘ఈ ఇంట్లో నీళ్లు పట్టేదెవరు’ అని అడగడం మొదలుపెట్టాను. అంతే, లోపలికి పిలిచి కూర్చోబెట్టేవారు. ఇది చెబుతుంటే ఎదురుగా కూర్చుని మార్కులు వేస్తున్న ఆ సంస్థ ఆవిడ పెన్ను పక్కన పెట్టి నన్నే చూసింది. తర్వాత ఇంటర్వ్యూలో కూడా అంతా ఆ తలుపుల గురించే అడిగారు.

నిన్న ఫోన్ వచ్చింది. గదికి పరుగెత్తాను. నా రూమ్మేట్ టీ పెడుతోంది.

“నాకొచ్చింది” అన్నాను.

ఆమె స్టవ్ ఆపి నా వైపు తిరిగింది. “నాకు చాలా కుళ్లుగా ఉందే” అంది. “ఇవాళ రాత్రి ఏడుస్తానేమో, నువ్వేం పట్టించుకోకు.” తర్వాత వచ్చి గట్టిగా కౌగిలించుకుంది.

నేను ఏడాదిపాటు దాచి దాచి మోసిన మాటని ఆమె టీ వడకట్టేలోపు చెప్పేసింది. అందులోనూ ఆమే ముందు. పైగా ఆమె ఉద్యోగం గురించి వాళ్ల నాన్న ఎవరో స్నేహితుడితో మాట్లాడతానన్నారట. ఉద్యోగం నా చేతిలో పెట్టుకుని మళ్లీ కుళ్లుకున్నాను.

ఇక నాయినకి ఫోన్ చేశాను.

“గవర్నమెంటుదా బిడ్డా?”

“కాదు నాయినా. ఇంటింటికి పోయి అడుగుడు, రాసుడు.”

“ఓ, సర్వేనా. మొన్న మనింటికొచ్చిండ్రు గదా అసొంటి సార్లు. మీ అమ్మ వాళ్లకు కుర్చీలేసింది.” పక్కన ఎవరినో ఆగమని కేకేసి మళ్లీ ఫోన్లోకి వచ్చాడు. “అయితే బీఈడీ వద్దంటవ్.”

“వద్దు నాయినా.”

“మంచిది. ఆడనే ఉండు మరి.”

ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయాడు. యార్డులో బస్తాలు దించుతున్న చప్పుడు, దాని మీదుగా ఆయన గొంతు. “మా బిడ్డ సర్వే మేడమైంది రా, ఢిల్లీల. ఇంటికొస్తే కుర్చెయ్యాలె ఇగ.” ఎవరో నవ్వారు. ఆయన ఇంకోసారి చెప్పాడు.

నేను స్పీకర్ నొక్కి, ఫోన్ తీసుకెళ్లి మంచం మీద టీ తాగుతున్న నా రూమ్మేట్ పక్కన పెట్టాను.