అత్తయ్య నెట్ మీటరు

మా మేనత్త ముప్పయ్యేళ్ళు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆవిడకి చిన్న అక్షరాలంటే మహా ఇష్టం. మందు డబ్బాలో మడిచిపెట్టే కాగితం, బస్సు టిక్కెట్టు వెనక షరతులు, కుక్కర్‌తో పాటు వచ్చే పుస్తకం, ఏదైనా సరే మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే. మావయ్య సంగతి దీనికి పూర్తిగా వేరు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గాజులకి పూత వేస్తూ జీవితం గడిపిన మనిషి. ఎవరు ఏ కాగితం తెచ్చినా చేత్తో ముట్టుకోడు. "మీ అత్తయ్యకివ్వరా, పరీక్ష రాసేంతగా చదువుతుంది" అంటాడు.

అందువల్ల ఇంటి మీద సోలార్ పెట్టుకోమని ప్రభుత్వం పథకం ప్రకటించినప్పుడు, బందరులో దాన్ని కామాలతో సహా చదివిన మొదటి మనిషి మా అత్తయ్యే అయుంటుంది. వేసవి మొదట్లో డాబా మీద ప్యానెళ్ళు బిగించారు. వీధిలోవాళ్ళు మెట్లెక్కి వచ్చి చూసి వెళ్ళారు. చర్చిలో పాస్టరుగారు కూడా అడిగారట. అత్తయ్య అందరికీ కాఫీలిచ్చి, సూర్యుడు ఎటు తిరిగితే ఎంత కరెంటు వస్తుందో చెప్పింది.

అన్నీ ఉన్నాయి. కరెంటు మాత్రం లేదు.

కారణం చిన్నదే. ప్యానెళ్ళ కరెంటులో మనం వాడుకోగా మిగిలింది వీధి లైన్లోకి వెళ్తుంది. ఎంత వెళ్ళిందో, ఎంత వచ్చిందో రెండూ కొలిచే మీటరు ఒకటి ఉండాలి. నెట్ మీటరంటారు. అది బిగించేదాకా స్విచ్ వేయకూడదు. ఆ మీటరు రాలేదు. "స్టాకు లేదండీ, రాగానే మొదటిది మీకే" అన్నారు కరెంటాఫీసులో. నెల గడిచింది. ఇంకో నెల గడిచింది. ఎండలు మండిపోతున్నాయి, ప్యానెళ్ళు తళతళలాడుతున్నాయి, కింద హాల్లో బిల్లుకి భయపడి ఫ్యాను ఆపేసి మావయ్య విసనకర్రతో విసురుకుంటున్నాడు.

నేను గుడివాడలో హైస్కూల్లో సైన్సు మాస్టార్ని. ఆ రోజుల్లోనే పునరుత్పాదక ఇంధనాల గురించి ఉపాధ్యాయులకి ఢిల్లీలో రెండు రోజుల శిక్షణ పెడితే, మా జిల్లా నుంచి నన్ను పంపారు. గన్నవరంలో విమానం ఎక్కాను. జీవితంలో అదే మొదటిసారి. తిరిగొచ్చాక, అక్కడ ఇచ్చిన గుడ్డ సంచీ భుజాన వేసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని నేరుగా బందరు వెళ్ళాను. పొగడ్తల కోసమే వెళ్ళాను, దాచడమెందుకు.

"ఎంతమంది వచ్చార్రా?" అంది అత్తయ్య.

"దేశం మొత్తం నుంచి అత్తయ్యా. చాలామంది."

"అందరూ విమానాల్లోనే?"

"దాదాపు."

"పొగ తగ్గించడం గురించి మాట్లాడుకోడానికి ఆకాశమంతా పొగ వదులుకుంటూ వెళ్ళారన్నమాట."

మావయ్య పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను ఊరుకోలేదు. విమానాలకి కూడా కొత్త విధానం వస్తోందని, వాడేసిన వంటనూనెతో తయారైన ఇంధనాన్ని కొంచెం కొంచెంగా కలుపుతారని, శిక్షణలో విన్నదంతా ఒప్పజెప్పాను. అత్తయ్య శ్రద్ధగా విని వంటింట్లోకి వెళ్ళి, మొన్నటి బజ్జీల నూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈసారి వెళ్ళేటప్పుడు ఇది పోయమను. సరే గానీ మాస్టారూ, ఇంత నేర్చుకొచ్చావుగా. అప్లికేషన్ పెట్టిన ఎన్నాళ్ళకి మీటరు ఇవ్వాలో చెప్పు."

నాకు తెలియదు. ఢిల్లీలో ఎవరూ చెప్పలేదు. ప్రపంచం ఎంత వేడెక్కుతోందో చెప్పారు గానీ మీటరు సంగతి ఎత్తలేదు.

ఆ మర్నాడే ఆవిడ ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి నెట్ మీటర్ నిబంధనలన్నీ ప్రింటు తీయించింది. ఇంగ్లీషులో బొత్తెడు కాగితాలు. వార్డులో ఛార్టులు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో గీతలు పెట్టుకుంటూ వారం రోజులు చదివింది. చివరికి గడువు ఎంతో దొరికింది. అది దాటి ఎప్పుడో అయింది. ఆ పేజీ తీసుకుని ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడి ఇంజనీరు ఏఈగారు కుర్రాడు, మంచివాడు. కుర్చీ వేసి టీ తెప్పించాడు. "మేడమ్, రూలు నాకూ తెలుసండీ. మీటర్లు మాకు పైనుంచి రావాలి. నేనేం చెయ్యను చెప్పండి?" అన్నాడట. అత్తయ్యకి అతని మీద కోపం రాలేదు. వరండాలోకి వచ్చి చూస్తే బెంచీ మీద తనలాంటి వాళ్ళు ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. సంచీలోంచి నోటుబుక్కు తీసి వాళ్ళ పేర్లు, ఊళ్ళు, అప్లికేషన్ పెట్టిన తేదీలు రాసుకుంది. ఎందుకని అడిగితే, "అలవాటురా. వార్డులోకి కొత్తవాళ్ళొస్తే రాయకుండా ఉండలేను" అంది.

అక్కడితో ఆగలేదు. వాళ్ళు చెప్పిన వాళ్ళకి ఫోన్లు చేసింది. వాళ్ళు ఇంకొందరి పేర్లు చెప్పారు. ఒక ఆదివారం ఆరాధన అవగానే నన్ను వెంటబెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కింది. దివిసీమలో కొందరికి ఫోన్లు కలవట్లేదట, స్వయంగా వెళ్ళి తేదీలు రాసుకోవాలట. పులిగడ్డ వంతెన దాటుతుంటే నేను మెల్లగా అడిగాను.

"అత్తయ్యా, మన మీటరు కోసం ఊరందరి పేర్లూ ఎందుకు?"

"ఒక్కరికి జ్వరం వస్తే జ్వరం అంటారు. వార్డు మొత్తానికి వస్తే డాక్టరు పరిగెత్తుకొస్తాడు" అంది.

నాగాయలంక దగ్గర ఒక ఊళ్ళో పెంకుటిల్లు కొట్టేసి డాబా వేసుకున్న రైతు ఇంటికి వెళ్ళాం. ఆయన పొలంలో ఉన్నాడు. ఆయన భార్య మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళి చూపించింది. సోలార్ ప్యానెళ్ళ మీద పాత నేత చీర పరిచి, జారకుండా నాలుగు మూలలూ ఫ్రేముకి కట్టి, దాని మీద వరసగా గుమ్మడికాయ వడియాలు పెట్టి ఉన్నాయి.

నేను నోరు తెరిచాను. సైన్సు మాస్టారుగా ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆవిడే ముందు అంది, "ఏం చెయ్యమంటారండీ, మూడు నెలల నుంచి ఎండ ఊరికే పోతోంది. దీనిమీద పెడితే సాయంత్రానికల్లా ఎండిపోతన్నాయ్."

అత్తయ్య ఒక వడియం తీసి విరిచి చూసి, బాగా ఎండిందని మెచ్చుకుని, పేరూ తేదీ రాసుకుంది. వచ్చేటప్పుడు ఆవిడ మాకు ఒక పొట్లం కట్టి ఇచ్చింది. సూర్యశక్తితో మా కుటుంబం పొందిన మొదటి లాభం ఆ వడియాలే.

ఇంతలో పేపర్లో, పెళ్ళి ప్రకటనల కింద చిన్న అక్షరాల్లో, ఒక నోటీసు పడింది. కరెంటు పంపిణీ చేసేవాళ్ళు ఏటా తమ ప్రతిపాదనలు విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. ప్రజల్లో ఎవరికైనా అభ్యంతరాలుంటే రాసి పంపొచ్చు, విచారణ రోజున వచ్చి మాట్లాడొచ్చు. ఇలాంటి హక్కు నాకూ ఒకటి ఉందని నాకు నలభై ఆరేళ్ళు వచ్చేదాకా తెలియదు. అత్తయ్య ఆ నోటీసు కత్తిరించి బైబిల్లో పెట్టుకుని నాకు ఫోన్ చేసింది.

"అర్జీ రాసిపెట్టు. నీది తెలుగు మీడియం కదా."

రాశాను. నాలుగు పేజీలు. "వసుధైక కుటుంబమైన ఈ పుడమి తల్లి" అని మొదలుపెట్టి, మంచుకొండలు కరగడం దగ్గరికి వచ్చేసరికే రెండో పేజీ అయిపోయింది. నాకు చాలా నచ్చింది. అత్తయ్య చదివి, ఎర్ర పెన్నుతో పుడమి తల్లిని కొట్టేసి, మంచుకొండల్ని కొట్టేసి, చివరికి ఆరు వాక్యాలు మిగిల్చింది. వాటిలో నావి ఒకటిన్నర.

"బాధపడకు. మాస్టారివి కదా, నువ్వు ఎక్కువే రాస్తావు" అన్నాడు మావయ్య ఓదారుస్తున్నట్టు.

విచారణ రోజున ముగ్గురం వెళ్ళాం. ఒక హాల్లో తెర కట్టారు. మండలివాళ్ళు దూరాన వేరే ఊళ్ళో కూర్చుని ఆ తెర మీద కనిపిస్తున్నారు. మేం ఇక్కడి మైకు దగ్గర మాట్లాడితే వాళ్ళకి వినిపిస్తుంది. కృత్తివెన్ను నుంచి వచ్చిన రొయ్యల రైతు ఒకాయన మాకు ముందు మాట్లాడాడు. కరెంటు పోయి చెరువులో గాలి నింపే చక్రాలు ఆగితే రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయని చెబుతూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన తరవాత ఖద్దరు చొక్కా ఆయన లేచి, కరెంటు అనే మాట ఒక్కసారి కూడా రాకుండా పది నిమిషాలు మాట్లాడాడు.

అప్పుడు అత్తయ్య పేరు పిలిచారు. ఆవిడ తెల్ల చీర కొంగు సర్దుకుని, నోటుబుక్కు పట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళింది. మైకు ఎత్తు ఎక్కువైంది. ఎవరో వచ్చి వంచారు.

"నమస్కారమండీ. నేను నర్సుగా పనిచేశాను. వార్డులో ఆక్సిజన్ సిలిండరుంటుంది. దాన్ని తిప్పడానికి చిన్న కీ ఉంటుంది. సిలిండరు నిండుగా ఉందమ్మా, కీ మాత్రం స్టోర్స్ నుంచి రాలేదు అని పేషెంటుకి చెప్తే ఎలా ఉంటుందండీ? మా ఇళ్ళ మీద సోలార్ అలా ఉంది. ప్యానెళ్ళు పెట్టుకోమని చెప్పిందీ మీరే. ఇన్నాళ్ళలో మీటరివ్వాలని రూలు రాసిందీ మీరే. మేం మీ మాట విన్నాం. మీ మాట ఇంకెవరూ వినట్లేదేమోనని మాకు మీ మీద బెంగగా ఉందండీ."

హాల్లో నవ్వులు. తెర మీద మధ్యలో కూర్చున్న పెద్దాయన కూడా నవ్వాడు. అర్జీతో పాటు ముందే పంపిన జాబితాని కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"అమ్మా, ఇందులో మీ పేరు ఎక్కడుంది?"

"చివరండీ."

"తేదీని బట్టి చూస్తే మీరు చాలా ముందుండాలి కదా?"

"లిస్టు రాసింది నేనే కదండీ. రౌండ్సులో సిస్టరు ముందు తన బీపీ చూసుకోదు."

ఆయన ఇక నవ్వలేదు. పక్కనున్న అధికారివైపు తిరిగి, ఈ జాబితాలో ప్రతి పేరుకీ ఎదురుగా మీటరు ఎప్పుడిస్తారో తేదీ రాసి తనకి పంపమన్నాడు. అత్తయ్య "థాంక్స్ అండీ" అని వచ్చి కూర్చుంది. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టలేదు.

కొన్ని వారాలకి మీటర్లు రావడం మొదలైంది. ఏఈగారు జాబితా వరస తప్పకుండా ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చాడు. పై నుంచి వచ్చిన కాగితం కదా, ఒక్క పేరు అటూ ఇటూ అయితే మళ్ళీ ఏం ముంచుకొస్తుందోనని అతని భయం. ముందు నాగాయలంకలో, తరవాత మోపిదేవిలో, గుడివాడలో. అత్తయ్య ఒక్కొక్క పేరుకీ ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. వడియాలావిడ ఫోన్ చేసి, డాబా మీద చోటు పోయిందని ఒక పక్క, ఫ్రిజ్ ఎంత తిరిగినా బిల్లు పెరగట్లేదని ఇంకో పక్క చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "నువ్వు ముందు రాసుకుని ఉంటే ఈపాటికి వచ్చేసేది" అన్నాను.

మావయ్య అందుకున్నాడు. "మీ అత్తయ్య సినిమాహాల్లో అందరికంటే ముందెళ్ళి క్యూలో నిలబడి, టిక్కెట్లన్నీ వెనకవాళ్ళకి పంచే రకం. నన్ను పెళ్ళి చేసుకోవడం కూడా అలాగే జరిగుంటుందని నా అనుమానం. మిగిలినవాణ్ణి నేనే."

"నోర్ముయ్యండి" అంది అత్తయ్య, నవ్వాపుకుంటూ.

వానలు పడుతున్నప్పుడు మా మీటరు వచ్చింది. ఏఈగారు లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని తనే వచ్చాడు. బిగించి, సీలు వేసి, "మేడమ్, మీరే వెయ్యండి" అని స్విచ్ చూపించాడు. అత్తయ్య వేసింది. బయట మబ్బు, సన్నగా జల్లు. మీటరు తెర మీద అంకె చాలాసేపు కదల్లేదు. ఏఈగారు ఇబ్బందిగా ఆకాశం వైపు చూశాడు. అది తన పరిధిలో లేదని అతని మొహంలో కనిపించింది. ఆ తరవాత ఎప్పుడో ఒక అంకె మారింది. మావయ్య చప్పట్లు కొట్టాడు.

ఏఈగారు వెళ్ళాక అత్తయ్యా నేనూ మీటరు దగ్గరే నిలబడ్డాం. సన్‌షేడ్ కింద నుంచి తుంపర మొహాన పడుతోంది.

"ఆ రోజు హాల్లో అంత మాట అంటావని నేననుకోలేదు. నీకు భయం వెయ్యలేదా?" అన్నాను.

"వెయ్యకపోవడమేంట్రా. ఆ రొయ్యలాయన ఏడుపు చూశాక నోరు ఎండిపోయింది. నువ్వు రాసిన పుడమి తల్లి మాటలే చదివేసి వచ్చేద్దామా అని కూడా అనిపించింది."

"మరి?"

"నీ కాగితం ఇంట్లో మర్చిపోయాను" అంది.

లోపలినుంచి మావయ్య టీకి పిలిచాడు. నేను వెళ్ళాను. ఆవిడ ఇంకాసేపు అక్కడే ఉండి, కొంగుతో మీటరు అద్దం మీది తడి తుడుచుకుంటూ, రెండో అంకె కోసం చూసింది.