పేజీ తిప్పని బాబాయి

మండలాఫీసు బయట అర్జీలు రాసే బాబాయికి ఓ పిచ్చి ఉంది. ఎవరొచ్చినా ముందు పుస్తకం తెరిచి కథ చదివి వినిపిస్తాడు. అది అయ్యేదాకా కలం మూత తీయడు. పొలం తగాదా కానీ, కుళాయి తగాదా కానీ, ముందు కథ వినాల్సిందే.

ఆ పిచ్చివల్లే ఆయన బల్ల వరండాలోంచి ఎండలో పడింది. కొత్త ఆఫీసరుకి ఆ కథలు గోలగా అనిపించాయట. ఇరవై ఏళ్ళ చోటు ఒక్క పూటలో పోయింది. పక్కన జిరాక్సు కొట్టు నడిపే అమ్మాయికి ఒళ్ళు మండింది.

"అందరికీ అర్జీలు రాస్తావు, నీకోసం ఒకటి రాసుకోలేవా బాబాయ్?"

"ఇక్కడ వెలుతురు బాగుందమ్మాయ్," అన్నాడు, నెత్తిన తుండుగుడ్డ సర్దుకుంటూ.

ఓ రోజు బడి ఊడ్చే ఆవిడ వచ్చింది. రోజూ ఆలస్యంగా వస్తోందని పనిలోంచి తీసేశారు. సోమవారంలోగా పైఆఫీసుకి చెప్పుకోకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంతకుముందు ఎవరిచేతో రాయించిన మూడు అర్జీల నకళ్ళు ఆవిడ చేతిలో ఉన్నాయి. మూడూ ఒకే అచ్చు: 'తమరి పాదపద్మములకు నమస్కరించి, నిరుపేదరాలినైన నేను...' ఒక్కదానికీ జవాబు లేదు.

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నాడు బాబాయి.

"కింద వేలిముద్ర నాదేనండి."

బాబాయి పుస్తకం తెరిచాడు. 'ఆవిడ పని పోయి ఏడుస్తుంటే ఈయనకి కథలు!' అని పళ్ళు కొరుక్కుంది జిరాక్సమ్మాయి.

"అనగనగా ఓ ఆయా. మహా బద్ధకస్తురాలు. పొద్దెక్కితేగానీ లేవదు. బడికి రోజూ ఆలస్యమే..."

"ఆగండాగండి!" ఆవిడ కొంగు దోపింది. "ఎవడండీ అది రాసినవాడు? ఆలస్యమా? పదకొండేళ్ళు బడి గేటు తాళంచెవి నా నడుముకే ఉంది! నేను తీస్తేగానీ హెడ్మాస్టరు లోపల కాలు పెట్టలేడు!"

"కథలో ఇలా ఉందే మరి?"

"అయితే కథే తప్పు! మీరు రాసుకోండి!"

కలం మూత ఊడింది. కథ సాగినకొద్దీ ఆవిడ దిద్దుతూ పోయింది. వానకి తడిసిన బెంచీలు పిల్లలొచ్చేలోగా తుడవడం, కొత్త చీపుళ్ళు కావాలని గట్టిగా అడగడం, అడిగిన వారానికే రిజిస్టరులో 'ఆలస్యం' మొదలవడం, అన్నీ చెప్పింది. చీపురు అడగడాన్ని ఆ బడిలో ఆలస్యం అంటారన్నమాట! బాబాయి సొంత ముక్క ఒక్కటీ కలపలేదు.

రాసింది చదివి వినిపిస్తే ఆవిడ మురిసిపోయింది. "అచ్చం నేను మాట్లాడినట్టే ఉందండీ!" వేలిముద్ర వేసి, పుస్తకంకేసి చూసింది. "నాకు చదువు రాదు గానీ బాబుగారూ, అంత కథ చదివి ఒక్క పేజీ కూడా తిప్పలేదేంటి?"

బాబాయి గబుక్కున పుస్తకం మూసేశాడు. జిరాక్సమ్మాయి వచ్చి పుస్తకం లాక్కుని చూసింది. అట్టమీద 'నీటి మోటార్ల మరమ్మతు' అని ఉంది!

"ఇదేంటి బాబాయ్?"

"కష్టం చెప్పుకోమంటే సిగ్గుపడతారమ్మాయ్. అందుకని నేను చదివిన కథల్లోంచి ఓ ముక్క, చూసిన బతుకుల్లోంచి ఓ ముక్క అతికి, వాళ్ళ సంగతే తప్పుగా చదువుతా. తప్పు దిద్దడానికైతే అందరికీ నోరొస్తుంది."

సోమవారంలోగానే అర్జీ వెళ్ళింది. ఆఖరి వాక్యం ఆవిడదే: 'నేను ఆలస్యంగా వస్తే హెడ్మాస్టరుగారు రోజూ గోడ దూకి వచ్చేవారా?' నెల తిరక్కుండా తాళంచెవి మళ్ళీ ఆవిడ నడుముకి చేరింది.

బాబాయి బల్ల మాత్రం ఎండలోనే ఉంది. కాబట్టి ఇది చదివినవాళ్ళు తలా ఓ అర్జీ పెట్టండి. పాదపద్మాల జోలికి పోకుండా, మీరు ఎండలో నిలబడిన రోజేదో తలుచుకుని సొంత మాటల్లో రాయండి. ఏమీ తోచకపోతే ఈ కథ వినండి: అనగనగా అర్జీలు రాసే బాబాయి ఒకడు. మహా స్వార్థపరుడు. నీడంటే ఆయనకి అస్సలు గిట్టదు...