కొత్త మోడల్ వచ్చేదాకా

మహబూబ్ అలీ దగ్గర గ్రిల్లు కొనడానికి పోయినవాడు ఎవడైనా వట్టి చేతులతో తిరిగి రావాల్సిందే. సరుకు లేక కాదు. పినపాక రోడ్డు మీద అతని రేకుల షెడ్డు నిండా గ్రిల్లులే. కానీ కొనేవాడు గుమ్మంలో అడుగు పెట్టగానే మహబూబ్ అడ్డం వచ్చి, "ఇది తీసుకోకుండ్రి, కొత్త మోడల్ వస్తుంది" అంటాడు. ఎక్కడి నుంచి వస్తుందయ్యా అంటే, వేలితో తన కణత మీద కొట్టి చూపిస్తాడు. అక్కడి నుంచి.

తండ్రి ఇల్లందులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవాడు. కొడుకు వెల్డింగు నేర్చుకుని పినపాక వచ్చి స్థిరపడి, చివరికి ఈ గుళికల గ్రిల్లుల పిచ్చిలో పడ్డాడు. పత్తి కట్టెను పొడి చేసి, మిషన్లో నొక్కి, చాక్‌పీసు ముక్కల్లాంటి గుళికలు చేస్తారు. వాటిని గ్రిల్లు పక్కనున్న డబ్బాలో పోస్తే, చిన్న మోటారు ఒక మరను తిప్పుతూ కొన్ని కొన్నిగా మంటలోకి తోస్తుంది. ఫ్యాను గాలి కొడుతుంది. పైన మూత కింద, జాలీ మీద కోడి నిదానంగా కాలుతుంది. విసనకర్రతో పని లేదు, బొగ్గు మసి లేదు.

ఫోనులో ఏ దేశపు గ్రిల్లు కనబడినా మహబూబ్ దాన్ని పెళ్ళిచూపులకు పోయిన మేనత్తలా పరీక్ష చేస్తాడు. "దీనికి పొట్ట పెద్దది, పొగ లోపల్నే తిరుగుతది. ఆ పెట్టె మోడల్ జర నయం, కానీ మూలలకు వేడి చేరదు. ఇగో దీని కాళ్ళు చూడుండ్రి, కొంగ కాళ్ళు!" అడవి అంచు గూడెం నుంచి భద్రు అనే అతను ఒకసారి చేపలు కాల్చుకోవడానికి చిన్న గ్రిల్లు అడిగాడు. మహబూబ్ తన సరుకును తానే అంతగా తిట్టేసరికి భద్రుకు జాలి పుట్టి, "పోనీలే అన్నా, మూడు రాళ్ళు పెట్టుకుంట. నువ్వు బాధపడకు" అని ఓదార్చి వెళ్ళాడు.

"మా ఆయన దుకాణం పెట్టలేదు, సామానుకు కాపలా ఉన్నడు" అంటుంది భార్య ఖుద్సియా. "నిఖా నాడు మాత్రం మూడుసార్లూ కబూల్ అన్నడు. కొత్త మోడల్ వస్తదని ఆగలేదు. అల్లా దయ!"

అలాంటి మనిషి చేతిలో పడ్డాడు చెంచురామయ్య.

చెంచురామయ్య మామూలు మనిషి కాడు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే తానే చెబుతాడు. ఎవరూ చెప్పరు కాబట్టి ఎప్పుడూ తానే చెబుతాడు. చదివింది వానాకాలం బడిలో ఐదో తరగతి. చిన్నప్పుడే కృష్ణా జిల్లా నుంచి తండ్రి వెంట వచ్చి ఇక్కడ భూమి సాగు చేశాడు. "పన్నెండేళ్ళకే ఏతం తొక్కినోణ్ణి నేను. ఈ చుట్టుపక్కల మొదటి బోరు నాది. మొదటి ట్రాక్టరు నాది. ఖమ్మం యార్డుల నా మిరప బస్తా విప్పితే, అవతలి లైన్ల సేట్లు తుమ్ముకుంటా ఉరికొచ్చిండ్రు!"

ఇంత చేసినా ఊరు గుర్తుంచుకోలేదన్నది ఆయన కడుపుమంట. బోరు ఎండిపోయింది, ట్రాక్టరు తుప్పు పట్టింది, తుమ్మిన సేట్లు ఒక్కొక్కరే పోయారు. మోకాళ్ళు సహకరించక భూమి కౌలుకిచ్చి, రోడ్డు మీద హోటల్ పెట్టాడు. బోర్డు మీద తన పేరు మూరెడేసి అక్షరాలతో రాయించాడు. జనం మాత్రం దాన్ని "రత్నమ్మ హోటల్" అన్నారు. ఎందుకంటే కోడికి మసాలా పట్టించేదీ, బొగ్గుల మీద కాల్చేదీ ఆయన భార్య సుబ్బరత్నం. ఆయన కౌంటర్లో కూర్చుని ఆ బోర్డు వంక చేదుగా చూసుకునేవాడు.

రానున్నది మేడారం జాతర. రెండేళ్ళకోసారి ఆ రోడ్డు మీద మనిషి తల తప్ప మట్టి కనబడదు. జాతరకల్లా గుళికల గ్రిల్లు పెడితే హోటల్ నిలబడుతుంది. పెట్టకపోతే ఎదురుగా వెంకటప్పయ్య హోటల్ నిలబడుతుంది, ఇది మూతపడుతుంది. వెంకటప్పయ్య అప్పుడే హైదరాబాదు మనిషితో ఫోన్లో బేరం మాట్లాడుతున్నాడు.

చెంచురామయ్య పోయి గ్రిల్లు చేయమన్నాడు. కొలతలు తీసుకోవడానికి మహబూబ్ హోటల్‌కు వచ్చాడు. సుబ్బరత్నం టీ గ్లాసు అందించింది, ఎడం చేత్తో.

"ఇంటికొచ్చిన మనిషికి ఎడం చేత్తో ఇస్తవేందే! మర్యాద తెల్వదా?" అని కసిరాడు చెంచురామయ్య.

మహబూబ్ రెండు చేతులతో గ్లాసు అందుకుని, "టీ మస్తుగుంది అమ్మా" అన్నాడు. కొలతలు తీసుకోకుండానే లేచిపోయాడు.

కొన్నాళ్ళకు గ్రిల్లు తయారైంది. నల్లరంగు వేసి, పిల్ల ఏనుగులా షెడ్డులో నిలబెట్టాడు. చెంచురామయ్య ముచ్చటపడి దాని వీపు నిమిరాడు.

"వద్దు పెద్దాయనా. ఖరాబు డిజైన్. మూత పైకి లేస్తది."

"మూత పైకి లేవక భూమిలోకి దిగుతదా?"

"అదే ఆలోచిస్తున్న" అన్నాడు మహబూబ్ గంభీరంగా.

రెండో మోడల్ మూత పక్కకు జరిగింది. జరిపినప్పుడల్లా పొగ సూటిగా మొహానికి కొట్టింది. మహబూబ్ దాన్నీ తిట్టాడు. మూడోదానికి రెండు చేతులతో లాగే పిడి పెట్టి, పెట్టిన మర్నాడే కోసేశాడు. నాలుగోదాని గుళికల డబ్బా మరీ ఎత్తుగా ఉందన్నాడు.

"ఎత్తైతే ఏందయ్యా? బస్తా ఎత్తి పొయ్యడానికి నేను లేనా?"

"ఇప్పటిదాకా మీ వంటింట్ల బొగ్గు బస్తా ఎన్నిసార్లు ఎత్తిండ్రు పెద్దాయనా?"

చెంచురామయ్య లెక్క వేసుకుని, లెక్క తేలక, మాట మార్చాడు. "మొదటి బోరు వేసినోణ్ణి నేను. ఏతం తొక్కినోణ్ణి. ఒక పొయ్యి కోసం నీ గుమ్మం ముందు నిలబడాల్సిన ఖర్మ పట్టింది."

"ఏతం అంటే ఎట్లుంటది పెద్దాయనా?"

"చెప్పిన గదా వందసార్లు! పొడుగు దూలం. ఒక కొసకు బాన, ఇంకో కొసకు బరువు. దూలం మీద అటు నడిస్తే బాన దిగుద్ది, ఇటు నడిస్తే పైకొస్తది. నీకెందుకు? నువ్వేమన్న నీళ్ళు తోడుతవా?"

మహబూబ్ షెడ్డు కప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. వీడికి ఏం చెప్పినా చెవిటి వాడి ముందు శంఖమూదినట్టే అనుకుని చెంచురామయ్య చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేశాడు.

జాతర దగ్గర పడింది. ఒకరోజు పొద్దున వెంకటప్పయ్య హోటల్ ముందు లారీ ఆగింది. తళతళలాడే స్టీలు గ్రిల్లు దిగింది. వెంకటప్పయ్య దానికి నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, రోడ్డు దాటి వచ్చి మరీ చిప్ప చేతిలో పెట్టాడు.

"బాబాయ్, నీ గ్రిల్లు ఈ జాతరకా, వచ్చే జాతరకా?"

చెంచురామయ్యకు కొబ్బరి గొంతులో అడ్డం పడింది. ట్రాలీ ఆటో మాట్లాడుకుని నేరుగా షెడ్డుకు పోయాడు.

"ఏదో ఒకటి ఎత్తు ఆటోల."

"జర ఆగుండ్రి పెద్దాయనా. కొత్త మోడల్…"

"నీ కొత్త మోడల్ నా దినం నాటికి పట్టుకరా, దాని మీదనే వండించు! నాకు మాత్రం ఇయ్యాల గ్రిల్లు గావాలె."

ఖుద్సియా లోపలి నుంచి, "ఇయ్యండీ, పెద్దమనిషి ఉసురు మనకెందుకు" అంది. మహబూబ్ మొదట చేసిన పిల్ల ఏనుగును ఆటో ఎక్కించాడు. ఎక్కిస్తూ, "మూత జర బరువు. జాగ్రత్త అని అమ్మకు చెప్పుండ్రి" అన్నాడు. చెంచురామయ్య చెప్పలేదు. మగవాడు ఒక గ్రిల్లు గెలుచుకుని వస్తూ మూత బరువు గురించి చెబుతాడా!

హోటల్ ముందు దింపించి, గుళికలు పోయించి, మీట నొక్కాడు. మర తిరిగింది, మంట లేచింది. "రా రత్నం, కోడి పెట్టు" అన్నాడు, కొత్త రాజ్యం అప్పగిస్తున్నట్టు.

సుబ్బరత్నం కుడి చెయ్యి పిడి మీద వేసింది. మూత కొద్దిగా లేచింది. ఆమె చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. ఆగిపోయింది. ఎడం చేత్తో లాగింది. మూత జారి దభాలున పడింది. గ్రిల్లు గంట కొట్టినట్టు మోగింది. ఎదురుగా వెంకటప్పయ్య తల బయట పెట్టాడు.

"చెయ్యేమైందే?"

"ఏం కాలే. పట్టు తప్పింది."

"పైకెత్తు చూద్దాం."

ఆమె ఎత్తలేదు. ఎత్తలేకపోయింది.

"ఎప్పటిసంది?"

"పోయిన ఎండాకాలం సంది."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఏం చేస్తవ్? ఖమ్మం నుంచి వంట మాస్టర్‌ని తెస్తవ్. నన్ను కౌంటర్ల కూసోబెడతవ్. అక్కడ నువ్వున్నవ్ గదా! ఇద్దరం కూసోని బోర్డు చూసుకుంటమా?" అంది సుబ్బరత్నం. తర్వాత కొంచెం మెత్తబడి, "ఈ పొయ్యి ఒక్కటే నాదయ్యా" అంది.

"మరి మహబూబ్‌కి చెప్పినవా?"

"చెప్పలే. ఎడం చేత్తో గ్లాసు ఇచ్చిన గదా, నువ్వు తిట్టినవ్. మర్నాడు వచ్చి, అమ్మా, భుజమా, మోచెయ్యా అని అడిగిండు. ఆయనకు చెప్పకు నాయనా అన్న. చెప్పనమ్మా అన్నడు."

చెంచురామయ్య గ్రిల్లు వంక చూశాడు. పైకి లేచే మూత ఖరాబు. రెండు చేతుల పిడి ఖరాబు. ఎత్తున్న డబ్బా ఖరాబు. నెలల తరబడి తాను తిడుతూ ఉంటే, ఆ మనిషి నవ్వుతూ పిచ్చివాడిలా నిలబడ్డాడు. ఎడం చెయ్యి చూసి పరాయివాడు భుజం గురించి అడిగాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు మర్యాద గురించి అడిగాడు. మొదటి బోరు, మొదటి ట్రాక్టరు వరసలో ఇది కూడా చేర్చుకోవచ్చు, బోర్డు మీద చోటుంటే.

ఆ పూటే ఆమెను దవాఖానాకు తీసుకుపోయాడు. భుజం పట్టేసిందనీ, కదిలించే కసరత్తులు చేయాలనీ, ముందే వచ్చి ఉంటే బాగుండేదనీ డాక్టరమ్మ చెప్పింది. "నీళ్ళు తోడినోణ్ణి, బోరు వేసినోణ్ణి" అని మొదలుపెట్టబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు ట్రాలీ ఆటో మళ్ళీ షెడ్డు ముందు ఆగింది. పిల్ల ఏనుగు దిగింది. మహబూబ్ బయటికి వచ్చాడు. క్షమించమని అడగడం చెంచురామయ్య చదివిన ఐదు తరగతుల్లో లేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ మోడల్ ఏం బాగలేదయ్యా."

"అవ్ పెద్దాయనా."

"మూత ఖరాబు."

"మస్తు ఖరాబు."

"కొత్త మోడల్… ఎప్పుడొస్తది?"

మహబూబ్ మొహం వెలిగిపోయింది. అన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి కొనుగోలుదారు ఆయనే. లోపలికి తీసుకుపోయి, తడక తీసి చూపించాడు. అక్కడున్న గ్రిల్లు మూతకు వెనకవైపు ఇనుప కడ్డీ ఉంది, దాని కొసన బరువుకు పాత రైలు పట్టా ముక్క వేలాడుతోంది. చెంచురామయ్య చిటికెన వేలితో పిడిని తాకాడు. మూత తనంత తానే లేచినట్టు లేచింది.

"ఇదేందిరా… ఇది…"

"ఏతం" అన్నాడు మహబూబ్. "మీరే చెప్పిండ్రు గదా, వందసార్లు."

జాతరకు సుబ్బరత్నం ఎడం చేతి రెండు వేళ్ళతో మూత ఎత్తుతూ, దించుతూ రోడ్డంతా వాసన పట్టించింది. వెంకటప్పయ్య స్టీలు గ్రిల్లు కరెంటు పోయినప్పుడల్లా అలిగి కూర్చుంది. మహబూబ్ మాత్రం తన గ్రిల్లు మోటారుకు బండి బ్యాటరీ కూడా తగిలించాడు. చెంచురామయ్య వచ్చినవాళ్ళందరికీ ఏతం కథ చెప్పాడు. జనం "రత్నమ్మ హోటల్" అంటూనే తిని పోయారు. బోర్డు వంక ఆయన ఒకటి రెండుసార్లు మాత్రమే చూశాడు.

జాతర తర్వాత వెంకటప్పయ్య రోడ్డు దాటి వచ్చాడు. గొంతు తగ్గించి, "బాబాయ్, మహబూబ్‌కి జర చెప్పు, నాకూ ఇట్లాంటిదే ఒకటి" అన్నాడు.

చెంచురామయ్య గ్రిల్లు వైపు చూశాడు. సుబ్బరత్నం గుళికలు పోయడానికి నడుం వంచింది, లేస్తూ చేత్తో నడుం పట్టుకుంది.

"ఇది తీసుకోకురా. డబ్బా మరీ కిందికుంది. ఖరాబు డిజైన్" అన్నాడు చెంచురామయ్య. తర్వాత వేలితో తన కణత మీద కొట్టుకున్నాడు.

"జర ఆగు. కొత్త మోడల్ వస్తుంది."