కువైట్ నిగారింపు

కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చానని తెలిస్తే చాలు, జనం గొంతు తగ్గించి కొట్టేవారా, తిండి పెట్టేవారు కాదా అని అడుగుతారు. కొట్టలేదు. తిండికి లోటు చేయలేదు. వాళ్ల పండక్కి మా మేడమ్ నాకు కూడా కొత్త బట్టలు కొనేది. ఈ మాట చెప్తే అడిగినవాళ్ల ముఖంలో కాస్త నిరాశ కనిపిస్తుంది. వాళ్లకి కావలసిన కథ నా దగ్గర లేదు. ఉన్న కథలో నా ఎడమకాలి బొటనవేలు పోయింది గానీ, చెడ్డవాళ్లంటూ ఎవరూ లేరు.

వెళ్లకముందు నేను కడియంలో నర్సరీ పనికి వెళ్లేదాన్ని. సంచుల్లో మట్టి నింపడం, మొక్కలు మోయడం, లారీకి ఎక్కించడం. రోజంతా ఎండలో ఉండేదాన్ని, ఏం తిన్నా అరిగిపోయేది. కువైట్‌లో ఎండ కిటికీ అవతలే ఉండిపోయింది. లేచిన దగ్గర్నుంచి చల్లటి గదుల్లో టైల్స్ మీద నిలబడి పని. వాళ్లు బాగా పొద్దుపోయాక తిని, కబుర్లు చెప్పుకుని లేచాక గిన్నెలు తోమి పడుకోవాలి, పిల్లలు బడికి లేచేసరికి నేను లేచి ఉండాలి. బయట నడిచే పనే లేదు. చెత్త సంచి గేటు దగ్గర పెట్టి రావడమే నాకు షికారు.

మిగిలిన అన్నం, మాంసం, రొట్టెలు, ఖర్జూరాలు, పాకంలాంటి టీ. నిద్ర చాలని పగళ్లలో ఆ టీయే నన్ను నిలబెట్టేది. కొన్నేళ్లకి విపరీతంగా దాహం వేయడం మొదలైంది. ఫ్రిజ్‌లో కూల్ డ్రింకులు ఎప్పుడూ ఉండేవి, తాగొద్దని ఎవరూ అనేవారు కాదు. అవే తాగాను. తాగినకొద్దీ దాహం. ఈ సంగతి ఇప్పుడు ఏ డాక్టరుకి చెప్పినా తల పట్టుకుంటాడు. అప్పుడు మాత్రం నాకది పెద్ద వైభోగం.

నేను పంపే ఫొటోలు అమ్మ వీధంతా తిప్పి చూపించేదట. నీడపట్టున ఉండి రంగు తేలాను, ఒళ్లు చేశాను. మా వైపు ఈ రెండూ ఉంటే ఇక ఆ మనిషికి ఏ జబ్బూ లేదని లెక్క. అరికాళ్లు మండుతున్నాయని, చూపు మసకబారుతోందని ఫోనులో చెప్తే ఎవరు నమ్ముతారు? బాగున్నావా అనేవారు, బాగున్నాననేదాన్ని. ఆ చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే మనవాళ్లందరిదీ అదే మాట. జబ్బు ఉందని తెలిస్తే పంపించేస్తారని అందరికీ భయం. అది నిజమో కాదో అడిగి చూసే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకసారి మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడితే మేడమే క్లినిక్‌కి తీసుకెళ్లింది. డాక్టరు అరబ్బీలో అడిగాడు, మేడమ్ అరబ్బీలో చెప్పింది. బాగా తింటుందని, బాగా పనిచేస్తుందని చెప్పి ఉంటుంది, అందులో అబద్ధం లేదు. చివర్లో డాక్టరు నావైపు తిరిగి, "జేన్?" అన్నాడు. బాగున్నావా అని అర్థం. ఆ భాషలో నాకు వంటింటి మాటలన్నీ వచ్చు, ఒంట్లో బాధ చెప్పుకునే మాట ఒక్కటీ రాదు. జేన్ అని తలూపాను. బలానికి మాత్రలిచ్చి పంపారు.

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు చెప్పు కరిచి బొటనవేలికి పుండు పడింది. ఎన్ని మందులు రాసినా మానలేదు. రాజమండ్రి ఆస్పత్రిలో చూసి, షుగరు ఏళ్ల తరబడి ఉండి ఉంటుందని, వేలు తీసేయక తప్పదని అన్నారు. ఇంత నిగారింపుగా ఉన్న పిల్లకి షుగరేంటండీ అని అమ్మ డాక్టరుతో దెబ్బలాటకి దిగింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఇప్పటికీ పోలేదు.

ఆ కాలుతో మళ్లీ వెళ్లలేదు. నర్సరీలోనే షెడ్డు కింద కూర్చుని చేసే పని చూసుకున్నాను. కిందటేడు మా తమ్ముడి భార్య కువైట్ ప్రయాణం కట్టింది. వద్దని నేను అనలేదు. ఎందుకు వెళ్తారో నాకు తెలుసు, నేనూ అందుకే వెళ్లాను. మెడికల్ పాసైందని తమ్ముడు స్వీట్లు పట్టుకొచ్చాడు. వెళ్లేటప్పుడు మనం అక్కడికి ఏ రోగం మోసుకెళ్తామోనని ఛాతీ, రక్తం అన్నీ చూస్తారు. వచ్చేటప్పుడు ఏం మోసుకొచ్చామో చూసేవాళ్లు లేరు.

అరబ్బీ మాటలు నాలుగు నేర్పమని మరదలు నా దగ్గరికి వచ్చింది. బియ్యం, కోడి, చీపురు లాంటివి అడుగుతుందనుకున్నారు ఇంట్లోవాళ్లు. అవి అక్కడ వారం తిరక్కుండా వచ్చేస్తాయి. నేను మొదట నేర్పింది 'తాబాన్'. ఒంట్లో బాలేదని. తరవాత నొప్పి, మంట, కాలు, కన్ను, నీళ్లు. అమ్మ వంటింట్లోంచి చరచరా వచ్చింది.

"ప్రయాణం పెట్టుకుని ఆ మాటలేంటే? నోట్లోంచి మంచి మాటే రాదా నీకు?"

మంచి మాట ఒక్కటే తెలిసి నేనేమయ్యానో చూశావుగా అన్నాను. అమ్మ నా కాలు చూసి మొహం తిప్పుకుంది. మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మరదలి బెంగ వేరు. "అలా చెప్తే పని తప్పించుకోడానికి అనుకోరా వదినా?"

"అనుకోనీ. నువ్వు చెప్పు."

చెప్తానంది గానీ నాకు నమ్మకం కుదరలేదు. వెళ్లాక ఎప్పుడు ఫోను చేసినా బాగున్నాననే అనేది. నాలుగు నెలలు గడిచేసరికి ఫొటోల్లో బుగ్గలు నిండాయి, రంగు తేలింది. తమ్ముడు ఆటోస్టాండులో అందరికీ చూపించి మురిసిపోయేవాడు. ఆ ఫొటోలు చూస్తే నాకు మాత్రం నా పాత ఫొటోలే గుర్తొచ్చేవి. దాహం వేస్తోందా అని అడిగితే నవ్వి మాట మార్చేసేది.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం, నేను షెడ్డులో కొమ్మలు నాటుతుంటే ఫోను చేసింది.

"ఒంట్లో బాలేదు వదినా. మేడమ్‌కి చెప్పాను. క్లినిక్‌లో ఆవిడ చెప్పబోతుంటే, నేనే చెప్తానన్నాను. తాబాన్ అన్నాను. కాళ్లు మండుతున్నాయన్నాను. దాహం ఆగట్లేదన్నాను."

రక్తం తీసుకున్నారట. షుగరు మొదలైందట. మాత్రలిచ్చారు, తీపి మానమన్నారు, రోజూ నడవాలని మేడమ్‌కి కూడా చెప్పారట. అంతా విని, మంచి పని చేశావమ్మా అన్నాను. అంత సంతోషం నాకు ఈ మధ్యకాలంలో కలగలేదు.

సాయంత్రం తమ్ముడు ఆటో వేసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు. అంతా నా వల్లేనన్నాడు. లేనిపోని మాటలు నేర్పి దాని నోట రోగం చెప్పించానన్నాడు. కాసేపు తిట్టి, తిట్లు అయిపోయాక మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు వాళ్లు పంపించేస్తేనో అక్కా?"

"పంపనీరా," అన్నాను. "రెండు కాళ్ల మీద నడిచొస్తుంది."